వచ్చినవారి ఊరు, పోయినవారి ఊరు

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలింది. మొఖం నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పనిచేస్తున్న ఎనిమిది మంది అక్కడే చిక్కుకుపోయారు. నలుగురిది జార్ఖండ్, ఇద్దరిది ఉత్తరప్రదేశ్, ఒకరిది పంజాబ్, ఒకరిది జమ్మూకశ్మీర్. వాళ్లలో ఇంజినీర్లున్నారు, యంత్రం నడిపేవాళ్లున్నారు, కూలీలున్నారు. సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ బృందాలు, ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ నుంచి వచ్చిన పోలీసు జాగిలాలు వారాల తరబడి బురదలో వెతికితే రెండు మృతదేహాలు బయటపడ్డాయి. ఆ సొరంగం నీళ్లు అందాల్సింది నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్లకు. తవ్వుతూ ప్రాణాలు వదిలినవాళ్ల ఊళ్లు అక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైనే.

ఈ దుర్ఘటన మరెక్కడ జరిగినా దుఃఖమే. పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, జరిగినందుకు దానికి ఇంకో బరువు తోడైంది. పరాయి రాష్ట్రాల ఆనకట్టల కోసం మట్టి తవ్వి, రాయి మోసి పేరుపడ్డ నేల ఇది. పని జరిగేచోట పాలమూరు లేబర్ ఉంటుందన్న మాట తెలుగునాట చాలా పాతది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌కు తట్టలు మోసినవాళ్లలో పాలమూరు కూలీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అంతకన్నా ముందే నిజాం ఇలాకా నుంచి బొంబాయికి వెళ్లి ఇళ్లు, రోడ్లు కట్టిన తెలుగు పనివాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లు కాపురమున్న పేట కామాఠిపురా అయింది. ఆ పేట పేరు తర్వాత ఇంకో రకంగా లోకానికి తెలిసింది గానీ, దాని పునాదిలో ఉన్నది మనవాళ్ల చెమట.

వలస ఎలా జరిగేదో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పెద్దవాళ్లనెవరినడిగినా చెబుతారు. దసరా అయిపోగానే గుంపు మేస్త్రీ ఊరికొచ్చేవాడు. ఆలుమగలిద్దరికీ కలిపి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ డబ్బు పాత అప్పుకో, బిడ్డ పెండ్లికో, బోరు తవ్వించిన ఖర్చుకో అప్పటికప్పుడే అయిపోయేది. అక్కణ్నుంచి ఉగాది దాకా, కొన్ని చోట్ల మిరుగు కార్తె దాకా, మేస్త్రీ ఎక్కడికంటే అక్కడికి. కూలి ఎంతో, ఎన్ని గంటలో, రోగమొస్తే ఎవరు చూస్తారో కాగితం మీద ఉండేది కాదు. ఇంట్లో ముసలివాళ్లు, వాళ్ల దగ్గర ఒకరిద్దరు పిల్లలు మిగిలేవాళ్లు. చంటిపిల్లలు తల్లి వెంట పోయి ఇసుక కుప్పల దగ్గర పెరిగేవాళ్లు. ‘బతకపోయిండ్రు’ అనేవాళ్లు ఊళ్లో. ఎక్కడికని ఎవరూ అడిగేవాళ్లు కారు, చెప్పడానికి చాలాసార్లు ఊరి పేరు తెలిసేది కాదు.

ఇంతమందిని పంపించిన నేల, ఎంతమందిని తనలో కలుపుకున్నదో కూడా చెప్పుకోవాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తమ గొప్పగా చెప్పుకునేవాటిలో చాలా వాటికి మూలం ఎక్కడెక్కణ్నుంచో వచ్చినవాళ్లు. అయితే వచ్చినవాళ్లందరికీ ఇక్కడ ఒకేలా చోటు దొరకలేదు, పోయినవాళ్లందరూ ఒకేలా గుర్తుండిపోలేదు. ఎవరి పేరును ఎవరో ఒకరు రాసిపెట్టారో వాళ్లే ఈ ఊరివాళ్లయ్యారు.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డతో మొదలుపెట్టవచ్చు. అలంపురంలో తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు 7, 8 శతాబ్దాల నాటివి. కట్టించినవాళ్లు బాదామి చాళుక్యులు, అంటే నేటి కర్ణాటకలోని బాగల్‌కోట ప్రాంతం రాజధానిగా ఏలినవాళ్లు. ఆ గుళ్లలో చాలావాటి శిఖరాలు మాత్రం దక్షిణాది విమానాల్లా మెట్లుమెట్లుగా ఉండవు. ఒడిశాలో, మధ్యభారతంలో కనిపించే వంపు తిరిగిన రేఖానాగర శిఖరాలవి. పేర్లు చూస్తే తారక బ్రహ్మ, స్వర్గ బ్రహ్మ, పద్మ బ్రహ్మ. లోపల కొలువున్నది శివుడు. కన్నడ నేల రాజులు ఉత్తరాది పద్ధతిని తెలుగు నది ఒడ్డుకు తెచ్చి కట్టిన గుళ్లు పదమూడు వందల ఏళ్లుగా అచ్చంగా అలంపురం గుళ్లే. వాటిని పరాయివని ఎవరూ అనలేదు, అనరు కూడా. గద్వాలకు పడమట గట్టు, కేటీదొడ్డి వైపు పోతే రాయచూరు పొలిమేరల్లో ఈనాటికీ ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ మాట్లాడేవాళ్లు కనిపిస్తారు. ఏ మాట ఎటు నుంచి వచ్చిందో అక్కడ ఎవరూ పట్టించుకోరు.

గద్వాల చీరదీ ఇలాంటి కథే. సంస్థానం నేతగాళ్లను కాశీకి పంపి అక్కడి జరీ పనితనం నేర్పించిందని గద్వాలలో తరాలుగా చెప్పుకుంటున్నారు. 1924 నుంచి సంస్థానం విలీనమయ్యేదాకా పాలించిన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతకు అండగా నిలిచిన సంగతి ఊరంతా ఎరిగినదే. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెండు రకాల పోగులనూ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి మెలివేసి కలపడంలోనే గద్వాల నేతగాడి పనితనమంతా ఉంది. పట్టు బెంగళూరు నుంచి వస్తుంది, జరీ సూరత్ నుంచి వస్తుంది. గద్వాల, అయిజ, రాజోలి, గట్టు ఊళ్లలో పద్మశాలి, తొగట, స్వకులసాలి ఇళ్ల మగ్గాల మీద వాటికి రూపం వస్తుంది. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరను కాశీదనో సూరత్‌దనో అనే ధైర్యం ఎవరికుంది?

వనపర్తి చరిత్రలో ఇంకా దూరం నుంచి వచ్చినవాళ్లున్నారు. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు మొదటి రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ సిపాయిలతో ఒక దళాన్ని పోషించాడు. తర్వాత ఆ దళం నిజాం కొలువులోకి చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాద్‌లో మాసాబ్‌ట్యాంక్ పక్కన వాళ్లు కాపురమున్న చోటుకు ఏసీ గార్డ్స్ అన్న పేరు అలా వచ్చిందే. నిజాం రాజ్యం పోయాక దళం రద్దయింది. మనుషులు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాళ్ల మనవలు, మునిమనవలు దక్కనీ, తెలుగు మాట్లాడుతూ ఆ వీధుల్లోనే బతుకుతున్నారు. హైదరాబాద్ పెళ్లి ఊరేగింపుల్లో హిందువులూ ముస్లింలూ వాయింపజేసే మర్ఫా, సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికన్లూ, హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులూ తెచ్చిన వాద్యం. బోనాలకూ గణేశ్ నిమజ్జనానికీ యువకులు ఎగిరే తీన్మార్ దరువు వెనక ఉన్నదీ ఆ మర్ఫాయే. తెలంగాణ దరువు అని మనం చెప్పుకుంటున్న దానిలో అరేబియా, ఆఫ్రికా రెండూ ఉన్నాయి, ఆ రెండింటికీ మధ్యలో వనపర్తి ఉంది.

ఆ వంశంలోనే పుట్టిన మరో రాజా రామేశ్వరరావు స్వతంత్ర భారత ప్రభుత్వ ప్రతినిధిగా 1950లలో ఆఫ్రికా వెళ్లాడు. ఘనా ఇంకా గోల్డ్‌కోస్ట్ అన్న పేరుతో బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు అక్కడ భారత కమిషనర్‌గా పనిచేశాడు. తిరిగొచ్చి మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. పూర్వీకుడి కాలంలో ఆఫ్రికా నుంచి సిపాయిలు వనపర్తికి వచ్చారు. వారసుడి కాలంలో వనపర్తి మనిషి ఆఫ్రికాకు వెళ్లాడు, ఆ దేశాలు స్వాతంత్ర్యానికి సిద్ధమవుతున్న రోజుల్లో. ఒకే ఊరి చరిత్రలో రెండు ప్రయాణాలు. వనపర్తి రాజభవనంలో ఈనాడు ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల ఉంది. అక్కడ చదివే పిల్లలకు ఈ కథ ఎవరైనా చెబుతున్నారా?

ఆలోచనలు ఈ నేల మీద ఎలా తిరిగాయో చూడాలంటే కవుల దగ్గరకు రావాలి. గద్వాలను విద్వద్గద్వాల అన్నారు. గోదావరి సీమ నుంచి తిరుపతి వేంకట కవులు బ్రిటిష్ ఇండియా సరిహద్దు దాటి ఆత్మకూరు, గద్వాల, వనపర్తి సంస్థానాలకు వచ్చి అవధానాలు చేశారు. ఇలా రాజులను చూసిన అనుభవాలే వాళ్ల ‘నానారాజ సందర్శనము’కు సరుకయ్యాయి. సంస్థానాల వార్షికాల కోసం పండితులు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల వెంట పుస్తకాలు, వాదాలు, కొత్త పద్యాలు వచ్చేవి. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ అయినా ఈ సంస్థానాల్లో తెలుగు ఆరిపోలేదంటే ఈ రాకపోకలు కూడా ఒక కారణం.

ఆ నడిగడ్డలోనే 1896లో సురవరం ప్రతాపరెడ్డి పుట్టాడు. ఊరు ఇటిక్యాలపాడు. చదువు కర్నూలులో, ఆపైన మద్రాసులో. పని హైదరాబాద్‌లో. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. నైజాం తెలుగువాళ్లలో కవులు పూజ్యమన్న మాట అప్పట్లో ఒక పండితుడు రాస్తే, ఆయన కోపంతో తిట్టలేదు, వాదన పెంచలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించాడు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. తెలుగు మేధాచరిత్రలో ఇంత పదునైన జవాబు అరుదు. వాదనకు ప్రతివాదన వస్తుంది. ఊరు, పేరు, పద్యం కలిపి అచ్చేసిన జాబితాకు ప్రతివాదన లేదు.

ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ఉన్నదీ ఆ పట్టుదలే. రాజుల యుద్ధాల్ని పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఎవరికి మొక్కారు అని కావ్యాల్లోంచి ఏరి రాశాడు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేడు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచి, మరుసటేడు ఆగస్టులో కన్నుమూశాడు.

ఆ 1952లోనే హైదరాబాద్‌లో ముల్కీ ఉద్యమం లేచింది. స్థానికుల కోసం ఉన్న ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్న బాధ అది. సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ బాధ నిజమైనది. ఉద్యోగానికి తప్పుడు ధ్రువపత్రాలతో వచ్చినవాడి మీద కోపం న్యాయమైనది. ఆ గాయం పచ్చిగా ఉన్న రోజుల్లోనే, 1953 జనవరిలో, అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు మహాసభలు జరిగాయి. సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. కాళోజీ ‘నా గొడవ’ను ఆ సభల్లో శ్రీశ్రీ ఆవిష్కరించాడు. శ్రీశ్రీది విశాఖపట్నం. కాళోజీ పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో, తండ్రిది మరాఠీ, తల్లిది కన్నడం. సభల బరువంతా మోసిన గడియారం రామకృష్ణ శర్మ అనంతపురంలో పుట్టి, బతుకంతా అలంపురానికిచ్చిన మనిషి. ఉద్యోగాల మీద న్యాయమైన తగవు నడుస్తున్న కాలంలోనే, సాహిత్యం మీద తగవు లేకుండా ఇంతమంది ఒక చోట కూర్చోగలిగారు. కాళోజీ పుట్టినరోజును ఈనాడు తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పుట్టిన ఊరును బట్టి మనిషిని లెక్కగట్టి ఉంటే తెలంగాణకు ఆ రోజు ఉండేది కాదు.

ఇక్కడివరకు చెప్పుకున్నది గెలిచినవాళ్ల కథ. రాజులు, శిల్పులు, నేతగాళ్లు, కవులు, సిపాయిలు కూడా. వాళ్ల పేర్లు శాసనంలోనో, చీర మీదో, సంచికలోనో, పేట పేరులోనో మిగిలాయి. మట్టి మోసినవాళ్ల దగ్గరికొచ్చేసరికి రాత ఆగిపోయింది.

శ్రీశైలం జలాశయమే తిరుగులేని సాక్ష్యం. కృష్ణా తుంగభద్రల కూడలిలో కూడవెల్లి దగ్గరున్న సంగమేశ్వరాలయం మునిగిపోతుందని తెలిసి, దాని రాళ్లు ఒక్కొక్కటీ విప్పి, సంఖ్య వేసి, అలంపురం తెచ్చి మళ్లీ అదే వరుసలో నిలబెట్టారు. సోమశిల గుళ్లను, జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని కూడా ఇలాగే పైకి తరలించారు. పురావస్తు శాఖ చేసిన మంచి పని అది, ఆ శ్రద్ధకు మొక్కాలి. అదే నీళ్లలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ జనాన్ని ఖాళీ చేయించారు. గుడి రాయి ఏ వరుసలో ఉండేదో రాసిపెట్టిన ప్రభుత్వం, ఏ కుటుంబం ఎటు పోయిందో రాసిపెట్టలేదు. ముంపు కుటుంబాలకు ఇంటికో ఉద్యోగమిస్తామన్న 98 జీవో 1986లో వచ్చింది. ఆ జీవో కాగితం పట్టుకుని కొల్లాపూర్ ప్రాంతపు నిర్వాసితులు దశాబ్దాలు దీక్షలు చేశారు, ఆఫీసుల చుట్టూ తిరిగారు. దరఖాస్తు పెట్టిననాటి యువకులు ఉద్యోగ వయసు దాటి, పింఛను వయసు కూడా దాటుతున్నారు. పాలమూరు వలసలో కరువుతో పాటు ఈ ముంపుకూ పాలుందని చెప్పడానికి వెనకాడనక్కర్లేదు.

నల్లమల చెంచులది ఇంకో రకం అన్యాయం. వాళ్లు ఎక్కణ్నుంచీ రాలేదు, ఎక్కడికీ పోలేదు. తెలుగే వాళ్ల భాష. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన వాళ్ల అల్లుడు. శ్రీశైలం మల్లన్నా వాళ్ల చుట్టమే. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లోయలో దిగే వేలమందికి తీర్థమిచ్చేది చెంచు పూజారులే. వాళ్ల గురించి మొదటిసారి పెద్ద పుస్తకం రాసినవాడు మాత్రం వియన్నా నుంచి వచ్చిన క్రిస్టోఫ్ ఫన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి హైదరాబాద్ రాజ్యం దాటవద్దంది. అలా యుద్ధం కట్టిపడేసిన ఆ మనిషి 1940లో అమ్రాబాద్ పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, వాళ్లతో కలిసి బతికాడు. 1943లో పుస్తకం అచ్చయింది. తన దేశానికి పోలేని ఒకడు, తమ అడవిలోనే పరాయివాళ్లవుతున్న వాళ్ల మాట విన్నాడు. చెంచులకు ప్రత్యేక రిజర్వు కావాలని నిజాం ప్రభుత్వానికి గట్టిగా చెప్పినవాడూ ఆయనే.

ఆ మాటకు ఎనభై ఏళ్లు దాటాయి. 2019లో యురేనియం తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు నల్లమల ఊళ్లు ఒక్కటై నిలబడ్డాయి, శాసనసభ ఆ ఏడు సెప్టెంబరులో తవ్వకాలు వద్దని తీర్మానించింది. ఇప్పుడు పులుల రక్షణ పేరుతో అమ్రాబాద్ అభయారణ్యం లోపలి ఊళ్ల తరలింపు మాట నడుస్తోంది. పులి బతకాలి. పులి పక్కన వందల ఏళ్లు బతికిన చెంచును అడవికి బయటి మనిషిగా చూసే ఏ ప్రణాళికా న్యాయం కాదు. 2006 అటవీ హక్కుల చట్టం చెప్పేది కూడా అదే. గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోకుండా ఒక్క గుడిసె కదలకూడదు.

ఇప్పుడు కాలం కొంత మారింది. జూరాల నీళ్లు, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారిన చోట పొలం పచ్చబడింది. బొంబాయి, పుణె పోయినవాళ్లలో కొందరు తిరిగొచ్చారు. గద్వాల, అయిజ, గట్టు, ధరూరు, మల్దకల్‌లో పత్తి విత్తనం పెద్ద పంటయింది. పూలను చేత్తో క్రాసింగ్ చేసే ఆ పనికి కూలీలు చాలరు, పిల్లల్ని బడి మాన్పించి చేలోకి దింపారన్న మచ్చ కూడా ఆ పంట మీద ఉంది. తెలంగాణ వరి మళ్లలో బీహార్, పశ్చిమ బెంగాల్ నాట్ల గుంపులు కనిపించడం మామూలైంది. రైస్ మిల్లుల్లో, ఇటుక బట్టీల్లో, జాతీయ రహదారి పక్క ధాబాల్లో హిందీ, ఒడియా వినబడుతున్నాయి. నలభై ఏళ్ల కింద మనవాళ్లు పరాయి ఊళ్లో ఎలా ఉన్నారో, ఇవాళ వీళ్లు ఇక్కడ అలా ఉన్నారు. అదే గుంపు మేస్త్రీ, అదే అడ్వాన్సు, అదే రేకుల షెడ్డు.

బయటివాళ్లొస్తే మా కూలి పడిపోతుందని ఇక్కడి కూలీ అంటే దాన్ని కొట్టిపారేయకూడదు. ఎకరం నాటుకు గుత్త తక్కువకు ఒప్పుకునే గుంపు దొరికితే రైతు అటే మొగ్గుతాడు, అతని లెక్క అతనిది. కానీ కూలి పడగొట్టింది బీహార్ మనిషి ఆకలి కాదు. ఇద్దరికీ ఒకే కనీస వేతనం అమలు చేయని కార్మిక శాఖ నిర్లక్ష్యం. ఒకప్పుడు పుణెలో, సూరత్‌లో మన కూలీ మీద ఇదే మాట పడింది. అప్పుడు మనకు కావలసి ఉండింది జాలి కాదు, సమానమైన కూలి. ఇప్పుడు వీళ్లకు కావలసిందీ అదే.

చట్టం లేక కాదు ఈ స్థితి. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. ఒడిశా దాదన్ కూలీల దుస్థితి దానికి కారణమైంది. ఐదుగురిని గానీ అంతకు మించి గానీ తీసుకెళ్లే కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, కూలీకి ఫొటో ఉన్న పాస్‌బుక్ ఇవ్వాలి, ప్రయాణ ఖర్చులివ్వాలి అని అందులో రాసుండేది. పాలమూరు నుంచి పోయినవాళ్లలో ఆ పాస్‌బుక్కును కళ్లతో చూసినవాళ్లు దొరకడం కష్టం. 2020లో చేసిన కొత్త వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. సొంతంగా పనికి వచ్చినవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవడం దానిలో మంచి మార్పు. అయితే ఐదు అన్న హద్దు పది అయింది. చిన్న చిన్న గుంపులుగా తిరిగే మేస్త్రీకి అది తప్పించుకునే దారి. ఇక నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ అపార్ట్‌మెంట్ పనులకు పోయినవాళ్లకు ఈ అంతర్రాష్ట్ర రక్షణలు వర్తించవు, ఎందుకంటే వాళ్లు రాష్ట్రం దాటలేదు.

2020 లాక్‌డౌన్‌లో జాతీయ రహదారుల మీద నడిచిన లక్షల మందిని దేశమంతా చూసింది. ఆ ఏడు సెప్టెంబరులో, దారిలో చనిపోయినవాళ్ల లెక్క తన దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకే చెప్పింది. మరుసటేడు ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. అందులో పేరు నమోదవుతుంది, వృత్తి నమోదవుతుంది. ఎవరి వెంట, ఏ పనికి, ఏ ఊరికి, ఎన్ని నెలలకు పోతున్నారన్నది ఊరి స్థాయిలో తెలుసుకుని రాసేవాళ్లు లేకపోతే ఆ పోర్టల్ ఆపదలో అక్కరకు రాదు.

సురవరం ప్రతాపరెడ్డి చేసిన పని ఇక్కడ కావాలి. కంప్యూటర్ లేదు, ఫోన్ లేదు, ప్రభుత్వం అండ లేదు. ఒక చిన్న పత్రికా, పోస్టు కార్డులూ, ఓపికా ఉన్నాయి. వాటితో 354 మందిని ఊరి పేరుతో సహా లోకం ముందు నిలబెట్టాడు. గ్రామానికొక పంచాయతీ కార్యదర్శి, ఒక అంగన్‌వాడీ టీచరు, ఒక ఆశా కార్యకర్త ఉన్న ఈ రోజుల్లో, మూడు జిల్లాల వలస కూలీల జాబితా రాయలేమని ఏ అధికారి అనగలడు? అంతకు మించి, పాలమూరు లేబర్ చరిత్రను రాసే పని ఇంకా మిగిలే ఉంది. సాగర్‌లో, శ్రీశైలంలో పనిచేసిన తరం ఎనభైల్లో ఉంది. ఆ ముసలివాళ్ల మాటలు రికార్డు చేయడానికి ఒక విశ్వవిద్యాలయ శాఖ చాలు. మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉంది. చరిత్ర, తెలుగు శాఖల విద్యార్థులు తలా ఒక ఊరు తీసుకుంటే రెండు మూడేళ్లలో అయ్యే పని అది. గద్వాల కోటలోనో, వనపర్తి రాజభవనంలోనో ఒక గది దానికి ఇవ్వవచ్చు. కవులకు గౌరవం జరిగిన చోట కూలీలకూ జరగాలి.

పిల్లల సంగతి ఇంకా తొందరది. 2011 జనగణన లెక్కల్లో నేటి గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతం దగ్గరే ఉంది, తెలంగాణలో అట్టడుగున. తల్లిదండ్రులు పనికి పోయిన నెలల్లో పిల్లల్ని ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లకు సమగ్ర శిక్షలో వీలుంది. వచ్చిన కూలీల పిల్లలకు వాళ్ల భాష తెలిసిన ఒక వాలంటీరును బడిలో పెట్టడానికీ వీలుంది. రెండూ ఖర్చు తక్కువ పనులు.

దసరా తర్వాత మేస్త్రీలు మళ్లీ ఊళ్లలోకి వస్తారు. అంతకు ముందే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కలెక్టర్లు ప్రతి గ్రామ పంచాయతీలో ఒక వలస రిజిస్టరు తెరిపించాలి. పోయేవాళ్ల పేర్లు, వచ్చినవాళ్ల పేర్లు రెండూ అందులో ఉండాలి. పేరు పక్కన సొంత ఊరు, మేస్త్రీ పేరు, పని చేసే చోటు, ఇస్తామన్న కూలి రాయాలి. ఒక నకలు కూలీ చేతికివ్వాలి, ఇంకోటి కార్మిక శాఖకు పంపాలి. సీజనల్ హాస్టళ్లు వలస మొదలయ్యాక కాదు, మొదలు కాకముందే తెరవాలి.